బేబ్ రూత్: హోమ్ రన్‌తో పాటు స్ట్రైకౌట్‌నూ బేస్‌బాల్‌కు అలవాటు చేసిన ఆటగాడు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2018 సీజన్ ముగిశాక గణాంకాలు చూసినవాళ్లకు ఒక వింత కనిపించింది. ఆ ఏడాది బ్యాటర్లు కొట్టిన హిట్లు 41 వేల పైచిలుకు. స్ట్రైకౌట్ అయిన సందర్భాలేమో 41,200 దాటాయి. లీగ్ చరిత్రలో హిట్ల కంటే స్ట్రైకౌట్లు ఎక్కువైన మొదటి సీజన్ అదే. మరుసటి ఏడాది, అంటే 2019లో, 6,776 హోమ్ రన్లు నమోదయ్యాయి. అది కొత్త రికార్డు. స్ట్రైకౌట్లు కూడా 42,823కు చేరి తమ రికార్డును తామే బద్దలుకొట్టాయి.

క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. హోమ్ రన్ మన సిక్సర్ లాంటిది. బంతి కంచె దాటితే కొట్టినవాడితో పాటు అప్పటికే బేసుల మీదున్న అతని జట్టు సభ్యులందరూ పరుగు పూర్తి చేసినట్లే. ఆడదగిన బంతిని వదిలేసినా, బ్యాట్ తిప్పి బంతిని తాకలేకపోయినా ఒక స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే అవుట్. అదే స్ట్రైకౌట్. ఇక పిచర్ నాలుగు బంతులు పరిధి బయట వేస్తే బ్యాటర్ ఏమీ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. దాన్ని వాక్ అంటారు. ఈ మూడింటిలోనూ మైదానంలోని ఫీల్డర్లకు దాదాపు పనే ఉండదు. ఇప్పటి మేజర్ లీగ్‌లో మూడింట ఒక వంతు బ్యాటింగ్ అవకాశాలు ఇలాగే ముగుస్తున్నాయి.

ఈ ఆటతీరు ఎక్కడ మొదలైందని వెనక్కి వెళితే 1948లో చనిపోయిన ఒక మనిషి దగ్గర ఆగుతాం. బేబ్ రూత్ తన కెరీర్‌లో 714 హోమ్ రన్లు కొట్టాడు. 2,062 సార్లు వాక్ పొందాడు. 1,330 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. సుమారు 10,600 సార్లు బ్యాటింగ్‌కు దిగితే అందులో ఈ మూడింటి వాటానే 39 శాతం దాకా ఉంది. నేటి లీగ్ సగటు కన్నా అది ఎక్కువే. వందేళ్ల కిందట ఒక్కడే ఆడిన ఆటను ఇప్పుడు లీగ్ మొత్తం ఆడుతోంది.

మన దగ్గర రూత్ పేరు క్విజ్ పుస్తకాల్లోనో, బ్రాడ్‌మన్‌తో పోలికలోనో వినిపిస్తుంటుంది. అతను 714 ఎలా కొట్టాడన్నది చాలామంది రాశారు. అన్నిసార్లు స్ట్రైకౌట్ అవుతున్నా అతన్ని ఎవరూ ఎందుకు ఆపలేదన్నది అంతకంటే ఆసక్తికరమైన సంగతి.

బార్ యజమాని కొడుకు

జార్జ్ హెర్మన్ రూత్ జూనియర్ 1895 ఫిబ్రవరి 6న బాల్టిమోర్ నగరంలోని పిగ్‌టౌన్ అనే కార్మికవాడలో పుట్టాడు. జర్మన్ మూలాలున్న కుటుంబం. తండ్రి బార్ నడిపేవాడు. తల్లి కేథరిన్ ఎనిమిది మందిని కన్నది. బతికి బట్టకట్టింది ఇద్దరే. ఒకరు జార్జ్, మరొకరు చెల్లెలు మేమీ.

తల్లిదండ్రులిద్దరికీ బతుకుతెరువే సరిపోయేది. పిల్లవాడు బడి ఎగ్గొట్టి రేవు వీధుల్లో తిరిగేవాడు. ఏడేళ్ల వయసులో, 1902లో, అతన్ని సెయింట్ మేరీస్ ఇండస్ట్రియల్ స్కూల్‌కు అప్పగించారు. కేథలిక్ బ్రదర్స్ నడిపే ఆ సంస్థలో అనాథలు, తల్లిదండ్రులు సాకలేని పిల్లలు, దారి తప్పినవాళ్లని ముద్రపడ్డ పిల్లలు ఉండేవారు. మధ్యమధ్యలో ఇంటికి వచ్చిపోయినా పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా అతనికి అదే ఇల్లు. తర్వాతి కాలంలో పత్రికలు అతన్ని అనాథ అని రాసేవి. అది నిజం కాదు. అమ్మానాన్నలు బతికుండగానే వాళ్లకు దూరంగా పెరిగాడు. అనాథ కావడం కన్నా ఇది తేలికైన సంగతేమీ కాదు.

ఆ బడిలో అతనికి చొక్కాలు కుట్టే పని నేర్పారు. బేస్‌బాల్ కూడా అక్కడే అబ్బింది. క్రమశిక్షణ చూసే బ్రదర్ మథియాస్ భారీ మనిషి. ఆయన ఒంటిచేత్తో బంతిని గాల్లోకి ఎంతో దూరం కొడుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. ఆయన కొట్టే తీరును, చివరికి నడకను కూడా రూత్ అనుకరించాడు. ఎడమచేతి వాటం పిల్లలకు తగిన గ్లోవ్ అక్కడ లేదు. కుడిచేతి వాటం వాళ్ల గ్లోవ్‌నే ఎడమచేతికి తొడుక్కుని బంతి పట్టి, చటుక్కున దాన్ని తీసేసి అదే చేత్తో విసిరేవాడు.

1914 ఫిబ్రవరిలో స్థానిక బాల్టిమోర్ ఓరియోల్స్ యజమాని జాక్ డన్ అతన్ని జట్టులోకి తీసుకున్నాడు. చట్టప్రకారం సంరక్షకుడిగానూ సంతకం పెట్టాడు. యజమాని వెంట తిరిగే ఈ కొత్త కుర్రాణ్ని జట్టులోని పెద్దవాళ్లు డన్ పసిబిడ్డ అని ఆటపట్టించారు. బేబ్ అనే పేరు అలా స్థిరపడింది. అయిదు నెలలు తిరక్కుండానే డన్ డబ్బు ఇబ్బందుల్లో పడి అతన్ని బోస్టన్ రెడ్ సాక్స్‌కు అమ్మేశాడు.

పిచర్ కాబట్టి వదిలేశారు

బోస్టన్ రూత్‌ను కొన్నది బ్యాటింగ్ కోసం కాదు. అతను ఎడమచేతి వాటం పిచర్. 1916లో 23 మ్యాచ్‌లు, 1917లో 24 మ్యాచ్‌లు గెలిపించాడు. 1916, 1918 వరల్డ్ సిరీస్‌లలో వరుసగా 29 ఇన్నింగ్స్‌కు పైగా ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఆ రికార్డు 1961 దాకా నిలిచింది. బ్యాట్ పట్టకపోయినా అతను గొప్ప ఆటగాడిగానే గుర్తుండేవాడు.

అసలు కథ ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో బ్యాటింగ్ అంటే బంతిని తాకడం. టై కాబ్ లాంటి మేటి ఆటగాళ్లు చేతుల మధ్య ఎడం ఉంచి, బ్యాట్‌ను కాస్త పైకి పట్టుకుని, ఫీల్డర్ల మధ్య ఖాళీల్లోకి బంతిని తోసేవారు. ఆపై పరుగు, బేసుల దొంగతనం, బంతిని మెత్తగా ఆపి వదిలే బంట్. కాబ్ తన 24 ఏళ్ల కెరీర్ మొత్తంలో కొట్టిన హోమ్ రన్లు 117. హోమ్ రన్ బేకర్ అని పేరుపడ్డ ఫ్రాంక్ బేకర్ ఏ ఒక్క సీజన్‌లోనూ 12 దాటలేదు.

అలాంటి ఆటలో స్ట్రైకౌట్ ఒక అవమానం. దానికి కారణమూ ఉంది. గ్లోవ్‌లు చిన్నవి, మైదానాలు గతుకులు. బంతిని ఎలాగోలా తాకితే ఫీల్డర్ తడబడే అవకాశం ఎప్పుడూ ఉండేది. తాకకపోతే ఆ అవకాశాన్నే వదులుకున్నట్లు. అందుకే కొత్తగా వచ్చిన బ్యాటర్ బలంగా ఊపితే పెద్దలు వెంటనే చేతులు పైకి జరిపించి, ఊపు తగ్గించేవారు.

రూత్ పిచర్. పిచర్ బ్యాటింగ్ గురించి ఎవరికీ పట్టింపు ఉండదు, మన క్రికెట్‌లో పదకొండో నంబర్ ఆటగాడిలాగే. అతను బరువైన బ్యాట్‌ను చిట్టచివర పట్టుకుని, ఒళ్లంతా తిప్పి, కింద నుంచి పైకి ఊపేవాడు. తగిలితే బంతి కనిపించకుండా పోయేది. తగలకపోతే తనే గిరగిరా తిరిగి ఒక్కోసారి కిందపడేవాడు. ఎవరూ సరిదిద్దలేదు. మామూలు బ్యాటర్‌గా వచ్చి ఉంటే మొదటి నెలలోనే ఆ ఊపును మాన్పించేవారని నా నమ్మకం.

1915 మే 6న న్యూయార్క్‌లో యాంకీస్ మీద మొదటి హోమ్ రన్ కొట్టాడు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం కోసం ఆటగాళ్లు సైన్యంలోకి వెళ్లడంతో జట్లు పలచబడ్డాయి. మేనేజర్ ఎడ్ బారో రూత్‌ను పిచింగ్ లేని రోజుల్లోనూ బ్యాటర్‌గా దించడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది 11 హోమ్ రన్లతో లీగ్‌లో ఉమ్మడిగా మొదటి స్థానంలో నిలిచాడు. 58 స్ట్రైకౌట్లతో అందులోనూ మొదటి స్థానమే.  1919లో 29 హోమ్ రన్లు కొట్టి, 1884 నుంచి ఉన్న 27 రికార్డును దాటాడు.

చీకటి పడేదాకా అదే బంతి

బోస్టన్ యజమాని హ్యారీ ఫ్రేజీ నాటకాల నిర్మాత. ఆయనకు అప్పులున్నాయి. 1919 డిసెంబర్‌లో లక్ష డాలర్లకు రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. దానితో పాటు మూడు లక్షల డాలర్ల అప్పు కూడా తీసుకున్నాడు. అంతకుముందు ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు.

1920లో రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు. లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్‌వి 19. అమెరికన్ లీగ్‌లోని మిగతా ఏడు జట్లలో ఏ ఒక్క జట్టూ, ఆటగాళ్లందరివీ కలిపినా, 54 కొట్టలేదు. క్రికెట్‌లో దీనికి పోలిక వెతికితే బ్రాడ్‌మన్ సగటు తప్ప మరేదీ తట్టదు.

అయితే మొత్తం ఘనత అతనికే ఇవ్వడం అతిశయోక్తి అవుతుంది. ఆ ఏడాదే ఆట నియమాలు మారాయి. అప్పటిదాకా పిచర్లు బంతికి ఉమ్మి, పొగాకు రసం, మట్టి పూసేవారు. ఒకే బంతిని చీకటి పడేదాకా వాడేవారు. అది నల్లబడి, మెత్తబడి, సరిగా కనిపించేది కాదు. 1920 సీజన్‌కు ముందు ఇలాంటి పూతలను నిషేధించారు. అప్పటికే ఆ బంతి మీద బతుకుతున్న కొద్దిమంది పిచర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

ఆగస్టులో ఘోరం జరిగింది. యాంకీస్ పిచర్ కార్ల్ మేస్ వేసిన బంతి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు తగిలింది. మరునాడు, ఆగస్టు 17న, అతను చనిపోయాడు. హెల్మెట్లు లేని కాలం. మురికి బంతులను వెంటవెంటనే మార్చి తెల్లటి కొత్త బంతులు వాడాలన్న పట్టుదల ఆ మరణం తర్వాత బలపడింది. తెల్ల బంతి బ్యాటర్‌కు కనిపిస్తుంది, గట్టిగా ఉంటుంది, దూరం పోతుంది.

చాప్‌మన్ స్థానంలో క్లీవ్‌లాండ్‌కు ఆడటానికి వచ్చిన కుర్రాడి పేరు జో సూవెల్. రూత్‌కు అతను అచ్చంగా వ్యతిరేకం. 14 సీజన్లలో 7,132 బ్యాటింగ్ అవకాశాల్లో 114 సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. 1932 సీజన్ మొత్తంలో మూడు సార్లు. 1931 నుంచి మూడేళ్లు అతను యాంకీస్‌లో రూత్‌తో కలిసి ఆడాడు. బంతిని తప్పనివాడు, తప్పడానికి భయపడనివాడు ఒకే జట్టులో, ఒకే బెంచీ మీద. ఎవరిది సరైన దారో తేల్చమంటే 1932లో కూడా తలపండినవాళ్లు చాలామంది సూవెల్ వైపే మొగ్గేవారేమో.

కానీ యజమానులు టికెట్లు లెక్కపెట్టుకున్నారు. 1919లో యాంకీస్ సొంత మ్యాచ్‌లకు ఆరు లక్షల చిల్లర జనం వచ్చారు. 1920లో ఆ సంఖ్య 12 లక్షల 89 వేలు. ఏ జట్టయినా పది లక్షలు దాటడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే 1919 వరల్డ్ సిరీస్‌ను షికాగో ఆటగాళ్లు జూదగాళ్లకు అమ్ముకున్నారన్న కుంభకోణం బయటపడింది. జనం ఆట మీద నమ్మకం పోగొట్టుకునే సమయంలో, అమ్ముకోవడానికి వీల్లేని ఒక దృశ్యాన్ని రూత్ చూపించాడు. కంచె దాటిన బంతిలో ఎవరూ కుట్ర వెతకరు.

1919లో రెండు లీగులు కలిపి 447 హోమ్ రన్లు ఉంటే 1921 నాటికి 937 అయ్యాయి. చేతులు పైకి జరుపుకోమని చెప్పేవాళ్లు మెల్లగా తగ్గారు.

తప్పినా చప్పట్లే

1923 ఏప్రిల్ 18న యాంకీ స్టేడియం తెరిచారు. కుడివైపు కంచెను దగ్గరగా కట్టారు. రూత్ ఎడమచేతి వాటం బ్యాటర్ కదా, అతని బంతులు అటే వెళ్తాయి. ప్రారంభం రోజునే హోమ్ రన్ కొట్టాడు. ఆ ఏడాది 93 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. అతని కెరీర్‌లో అదే గరిష్ఠం. 1918, 1923, 1924, 1927, 1928లలో లీగ్‌లో అందరికన్నా ఎక్కువసార్లు స్ట్రైకౌట్ అయినవాడు అతనే.

ఆశ్చర్యం ఏమిటంటే జనం దానికీ డబ్బు పెట్టారు. అతను బ్యాట్ ఊపి తప్పి, కాళ్లు మెలిపడి నిలబడితే గ్యాలరీలన్నీ ఒక్కసారిగా నిట్టూర్చేవి. అదొక వినోదం. మిగతా బ్యాటర్లు అరుదుగా స్ట్రైకౌట్ అయ్యే కాలంలో అతని వైఫల్యం కూడా చూడదగ్గదే అయింది. అందరూ అదే పని చేస్తున్న ఈ రోజుల్లో స్ట్రైకౌట్‌కు ఆ కళ లేదు.

మైదానం బయట కూడా అతను కొలత తెలియని మనిషే. తిండి, తాగుడు, కార్లు, రాత్రి షికార్లు. 1921 సీజన్ తర్వాత నిబంధనకు విరుద్ధంగా ఊరూరా ప్రదర్శన మ్యాచ్‌లు ఆడినందుకు 1922లో మొదటి ఆరు వారాలు సస్పెండ్ అయ్యాడు. 1925లో ప్రయాణంలో కుప్పకూలి శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది క్రమశిక్షణ తప్పాడని మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ అయిదు వేల డాలర్ల జరిమానా వేశాడు. మొదటి భార్య హెలెన్‌తో కాపురం చెడింది. విడిగా ఉంటున్న ఆమె 1929 జనవరిలో ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయింది. మూడు నెలలకు అతను క్లేర్ హాడ్జ్‌సన్‌ను పెళ్లాడాడు. ఈ భాగాన్ని అతని అభిమానులు సాధారణంగా దాటవేస్తారు.

అదే మనిషి, 1919లో సెయింట్ మేరీస్ బడి కాలిపోతే దాని బ్యాండ్ మేళాన్ని యాంకీస్ వెంట ఊరూరా తిప్పి చందాలు పోగుచేయించాడు. పిల్లలు ఎక్కడ కనిపించినా ఆగేవాడు. ఇందులో కొంత పత్రికల కోసం చేసింది ఉండొచ్చు. అంతా అదే అనుకోవడానికి వీల్లేదు.

1926 వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్‌లో యాంకీస్ ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. చివరి ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు అయ్యాయి. వాక్‌తో మొదటి బేస్ చేరిన రూత్ హఠాత్తుగా రెండో బేస్‌కు పరుగెత్తి దొరికిపోయాడు. సిరీస్ అలా ముగిసింది. మరొకరైతే జీవితాంతం మోయాల్సిన తప్పు. మరుసటి ఏడాది, 1927లో, అతను 60 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాది స్ట్రైకౌట్లు 89. 1930లో అతని జీతం 80 వేల డాలర్లు. అమెరికా అధ్యక్షుడు హూవర్‌కు 75 వేలు.

బ్రాడ్‌మన్ వచ్చి చూసి వెళ్లాడు

1932 జులైలో డాన్ బ్రాడ్‌మన్ కొత్త పెళ్లికొడుకుగా అమెరికా పర్యటనకు వచ్చి యాంకీ స్టేడియంలో రూత్‌ను కలిశాడు. గాయంతో ఆ రోజు ఆడని రూత్ అతని పక్కనే కూర్చుని మ్యాచ్ చూశాడు. ఆ ఇద్దరూ తమ తమ ఆటలకు శిఖరాలు. కానీ దారులు వేరు. బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 6,996 పరుగులు చేసి కొట్టిన సిక్సర్లు ఆరే. గాల్లోకి లేపితే అవుటయ్యే ప్రమాదం ఎందుకన్నది ఆయన లెక్క. క్రికెట్‌లో ఒక్కసారి అవుటైతే ఆ ఇన్నింగ్స్‌కు అంతే. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు మళ్లీ మళ్లీ వంతు వస్తుంది. రూత్ సాహసాన్ని భరించగల వెసులుబాటు ఆ ఆటలోనే ఉంది. టీ20 వచ్చి ఓవర్లు కుదించి, వికెట్ విలువ తగ్గించాకే మన ఆటలో అలాంటి బ్యాటర్లకు చోటు దొరికింది. 2008లో ఐపీఎల్ మొదటి రాత్రి బెంగళూరులో మెకల్లమ్ 13 సిక్సర్లు కొట్టినప్పుడు అది మనకు అర్థమైంది.

1934 శీతాకాలంలో అమెరికా జట్టు జపాన్ వెళ్లింది. పాస్‌పోర్ట్ కోసం దరఖాస్తు చేసినప్పుడే రూత్‌కు తన వయసు తాను అనుకున్నదానికన్నా ఒక ఏడాది తక్కువని తెలిసింది. అంతదాకా 1894లో పుట్టానని నమ్మాడు. టోక్యోలో అతన్ని చూడటానికి వీధులు నిండిపోయాయి. ఆ పర్యటనలో 13 హోమ్ రన్లు కొట్టాడు. కానీ జపాన్ ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నది ఒక స్ట్రైకౌట్‌ను. నవంబర్ 20న షిజువొకాలో ఈజి సవామురా అనే 17 ఏళ్ల పిచర్ రూత్, లూ గెరిగ్ సహా నలుగురు మేటి బ్యాటర్లను వరుసగా స్ట్రైకౌట్ చేశాడు. గెరిగ్ హోమ్ రన్‌తో మ్యాచ్ 1-0తో అమెరికా గెలిచినా ఆ కుర్రాడు జాతీయ వీరుడయ్యాడు. రెండేళ్లలో జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. సవామురా 1944లో యుద్ధంలో, అమెరికా దాడిలో మునిగిన ఓడతో పాటు చనిపోయాడు. జపాన్‌లో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే అవార్డు అతని పేరు మీదే ఉంది. రూత్ తర్వాత పిచింగ్, బ్యాటింగ్ రెండూ శిఖరస్థాయిలో చేస్తున్న షోహే ఒహ్తానీ కూడా ఆ దేశంవాడే. 2021లో ఒహ్తానీ 46 హోమ్ రన్లు కొట్టాడు, 189 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు.

దక్కని కుర్చీ

ఆట అయ్యాక మేనేజర్ కావాలన్నది రూత్ కోరిక. యాంకీస్ ఇవ్వలేదు. కింది స్థాయి లీగ్‌లోని నెవార్క్ జట్టును చూసుకోమంటే అతను ఒప్పుకోలేదు. తనను తాను అదుపు చేసుకోలేనివాడు జట్టునెలా నడుపుతాడన్నది యాజమాన్యం వాదన. అంతకన్నా అదుపు లేనివాళ్లు ఎందరో మేనేజర్లయ్యారు గనుక ఆ వాదన నాకు పూర్తిగా నిజాయితీగా అనిపించదు. 1935లో బోస్టన్ బ్రేవ్స్ వైస్ ప్రెసిడెంట్, సహాయ మేనేజర్ అని పదవులిచ్చి పిలిచింది. అవి టికెట్లు అమ్ముకోవడానికి ఇచ్చిన పేర్లని అతనికి త్వరగానే అర్థమైంది.

మే 25న పిట్స్‌బర్గ్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు. మూడోది స్టేడియం పైకప్పు దాటింది. అదే 714వది. వారం తిరిగేసరికి ఆట మానేశాడు. 1938లో బ్రూక్లిన్ డాడ్జర్స్ కోచ్‌గా తీసుకుంది, కానీ మేనేజర్ కుర్చీ అక్కడా రాలేదు.

అతని రికార్డుల గురించి మాట్లాడేటప్పుడు మరచిపోకూడని సంగతి ఒకటుంది. రూత్ ఆడిన 22 సీజన్లలో మేజర్ లీగ్‌లో నల్లజాతి పిచర్ ఒక్కరూ లేరు. రానివ్వలేదు. వాళ్లు వేరే లీగుల్లో ఆడుకోవాల్సి వచ్చింది. జాకీ రాబిన్సన్ ఆ గోడను 1947లో దాటాడు. ఆ తరంలోకెల్లా గొప్ప పిచర్లలో ఒకడైన సాచెల్ పేజ్‌కు మేజర్ లీగ్‌లో అవకాశం వచ్చింది 1948 జులైలో, 42 ఏళ్ల వయసులో. అప్పటికి రూత్ మరణశయ్య మీద ఉన్నాడు.

1946లో అతనికి ముక్కు వెనక, గొంతు పైభాగంలో క్యాన్సర్ అని తేలింది. అప్పుడప్పుడే ప్రయోగాల్లో ఉన్న ఒక మందును 1947లో అతనికి ఇచ్చారు. కొంతకాలం ఉపశమనం కలిగింది. 1948 జూన్ 13న యాంకీ స్టేడియం 25 ఏళ్ల వేడుకకు వచ్చి, వదులైపోయిన పాత యూనిఫామ్‌లో, బ్యాట్‌ను చేతికర్రలా ఆనుకుని నిలబడ్డాడు. వెనక నుంచి నాట్ ఫీన్ తీసిన ఆ ఫొటోకు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆగస్టు 16న న్యూయార్క్‌లో చనిపోయాడు. 53 ఏళ్లు. భౌతికకాయాన్ని స్టేడియంలో ఉంచితే వేలాది మంది వరుసకట్టారు.

సగమే నేర్చుకున్నారు, మిగతా సగం ఆలస్యంగా

రూత్‌ను చూసి 1920లలో అందరూ హోమ్ రన్ నేర్చుకున్నారు. స్ట్రైకౌట్‌కు మాత్రం సిగ్గుపడుతూనే ఉన్నారు. ఆ దశాబ్దంలో ఒక జట్టు ఒక మ్యాచ్‌లో సగటున మూడు సార్లు కూడా స్ట్రైకౌట్ అయ్యేది కాదు. తర్వాత యాంకీస్‌కే ఆడిన జో డిమాజియో కెరీర్ మొత్తంలో 361 హోమ్ రన్లు కొట్టి 369 సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండనక్కర్లేదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

2019 నాటికి ఆ సగటు 8.8. ఈ పెరుగుదల రూత్ ఒక్కడి వల్ల వచ్చింది కాదు. పిచర్లు మారారు. సగటు ఫాస్ట్‌బాల్ వేగం గంటకు 150 కిలోమీటర్లకు చేరింది. అలసిన పిచర్ స్థానంలో ఒక్క ఇన్నింగ్స్ కోసమే ప్రాణం పెట్టి విసిరే కొత్తవాడు వస్తాడు. ఫీల్డర్లు తడబడటం తగ్గింది, కాబట్టి బంతిని ఊరికే తాకితే వచ్చే లాభమూ తగ్గింది. జట్ల కార్యాలయాల్లో గణాంక నిపుణులు చేరి, స్ట్రైకౌట్ నష్టం మరో రకం అవుట్ కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదని లెక్కకట్టారు. ఒక్కోసారి నేలబారు బంతితో ఇద్దరు అవుటయ్యే కన్నా అదే నయం. 2015 నుంచి కెమెరాలు బ్యాట్‌ను వదిలిన బంతి కోణాన్ని, వేగాన్ని కొలుస్తున్నాయి. కింద నుంచి పైకి ఊపమని ఇప్పుడు కోచ్‌లే చెబుతున్నారు. వందేళ్ల కిందట పిచర్ కాబట్టి రూత్‌ను వదిలేసిన ఆ ఊపు ఇప్పుడు పాఠ్యాంశం.

2022లో యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 62 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్ రికార్డు నెలకొల్పాడు. స్ట్రైకౌట్లు 175. రూత్ 60 కొట్టిన ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపు. ప్రేక్షకులు విసుగెత్తుతున్నారని 2023లో లీగ్ నిబంధనలు మార్చింది. బంతి వేయడానికి గడియారం పెట్టింది, ఫీల్డర్లను ఒకే పక్క మోహరించడాన్ని పరిమితం చేసింది. ఆట వేగం పెరిగింది. స్ట్రైకౌట్లు మాత్రం మ్యాచ్‌కు ఎనిమిదికి పైనే ఉన్నాయి.

రూత్ స్ట్రైకౌట్ల రికార్డును 1964లో మిక్కీ మాంటిల్ దాటాడు. హోమ్ రన్ల రికార్డు మరో పదేళ్లు నిలిచింది. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హాంక్ ఆరన్ 715వది కొట్టాడు. ఒక నల్లజాతీయుడు రూత్‌ను దాటబోతున్నాడన్న అక్కసుతో అంతకుముందు నెలల తరబడి ఆయనకు బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. చంపుతామని కూడా రాశారు. ఆరన్ 755 దగ్గర ఆగాడు. 2007లో బ్యారీ బాండ్స్ దాన్నీ దాటి 762 చేశాడు. 714ను దాటినవాళ్లు ఇప్పటికీ ఈ ఇద్దరే. 1,330ను దాటినవాళ్లు వంద మందికి పైగా ఉన్నారు.